మళ్లీ మోగాలా?

జులై 9. స్నానం చేసి రాగానే ఆశ్చర్యం. నేను చేసిన అలారం పెట్టె మోగలేదు. చూపు ఆనని అమ్మమ్మ ఆ మోత కోసమే కాచుకుని, బీపీ మాత్ర వేసుకోక, కళ్లు తిరిగి మంచానికి అతుక్కుపోయింది.

మాత్ర మింగించి అన్నయ్య మీద విరుచుకుపడ్డాను. "పెట్టె కెలికావు కదూ? ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"నోరు పడిపోయిందా?"

"జలుబుకి గొంతు పోయిందే వాడికి," అంది అమ్మమ్మ. "నీ పెట్టెకీ పోయినట్టుంది. నిన్నటిదాకా వంటింట్లోంచి కీకీమని ఎంత బాగా మోగేదో!"

పెట్టె ఉండేది ఆవిడ తలగడ పక్కన.

ఒళ్లు మండుతుండగానే ప్రోగ్రాం తెరిచాను. టైమర్‌కి అలారం పెట్టే వరుసలో, 'మళ్లీ మోగాలా?' అన్నచోట 'వద్దు' అని ఉంది, పెట్టె చేసినప్పుడు నేనే రాశాను. రోజుకొకసారి చాలని నా ఉద్దేశం. చిప్‌కి అర్థమైంది జన్మకొకసారని. మొదటిరోజు తర్వాత అది మోగనేలేదు.

స్నానం చేస్తూ రోజూ నేను విని మురిసిపోయిన మోత వంటింట్లోంచి అన్నయ్య గొంతుతో కూసింది!

"ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని అరిచాను. అన్నయ్య చప్పుడు లేకుండా నవ్వాడు. ఇంకా మండింది.

'వద్దు'ని 'కావాలి' చేశాను. రేపు పొద్దున పెట్టె మోగాలి. మోగకపోతే వంటింట్లో నిలబడి నేనే కూస్తాను.