ఎవరూ తోయని కారు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. పడకగదిలో ఆయాసపడుతున్న నాయనమ్మ, ఆమె వీపు రాస్తూ అమ్మ, ముందుగదిలో కిటికీ దగ్గర వాన చూస్తూ పెద్దనాన్న, కారు తాళం గుప్పిట్లో బిగించి మొండి.

మొండికి వేరే పేరు ఉంది. ఇంట్లో ఎవరూ దాన్ని వాడరు.

కారు నాన్నది. రెండే సీట్లు, నేలకు అతుక్కున్నట్టుండే పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు. దాని ఇంజను వెనకాల ఉంటుంది. "చేసినవాడెవడో తొందరలో తిరగేసి బిగించాడు" అని నాయనమ్మ నవ్వేది. నాన్న పోయాక దాన్ని నడిపేది మొండి ఒక్కతే. అమ్మేయాలని పెద్దనాన్న, అమ్మనివ్వనని మొండి.

నాయనమ్మ పీల్చే మందు అయిపోయింది. మందుల షాపు రైలు వంతెనకు అవతల ఉంది.

"నీళ్లు తగ్గాక నేను నడిచి వెళ్లి తెస్తాను," అన్నాడు పెద్దనాన్న.

"అందాకా నాయనమ్మని ఊపిరి బిగబట్టుకుని కూర్చోమంటావా?"

"కప్పలా ఉంటుంది ఆ కారు. వంతెన కింద మునిగిపోతుంది."

"కప్పలు మునగవు పెద్దనాన్నా. ఈదుతాయి."

లోపల నాయనమ్మ నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు విని, గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డ పెద్దనాన్న పక్కకి తప్పుకున్నాడు.

"పో. కానీ ఒక మాట. కారుకి ఏమైనా అయినా, ఎవరితోనైనా తోయించుకుని వచ్చినా, ఆదివారం అమ్మేస్తాను. నోరెత్తకూడదు."

"ఏమీ కాకుండా, ఎవరూ తోయకుండా వస్తే?"

"తాళం నీదే. అమ్మే మాట ఇక ఎత్తను."

వెళ్లేటప్పుడు వంతెన కింద నీళ్లు చక్రాలు సగం మునిగేలా ఉన్నాయి. మందు కొని వచ్చేసరికి అక్కడ ఓ చెరువే తయారైంది.

వంతెన పక్కన పూలకొట్టు నడిపే ఆవిడ నీళ్లలోకి దిగి, రెండు చేతులూ ఊపుతోంది. "రావద్దమ్మా, వెనక్కి తిప్పు!"

"ఇక్కడా ఒక పెద్దనాన్న," అని గొణుక్కుంటూ మొండి అద్దం ఎత్తేసింది. కారు లేపిన నీళ్లు ఆవిడ ముఖం మీద పడ్డాయి.

సగం దూరం వెళ్లాక ముందు చక్రాలు తేలాయి. స్టీరింగు ఎటు తిప్పినా పలకలేదు. కారు మెల్లగా పక్కకి జరుగుతూ వంతెన స్తంభం వైపు పోతోంది. వెనక అద్దం మామూలుగానే అరచేయంత. ఆవిరి పట్టి అదీ పోయింది.

మొండి యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు. "ఆగితే చంపేస్తా, పో," అంది కారుతో.

చాలాసేపు ఇంజను అరిచింది. తర్వాత, ఎలా తిరిగిందో, కారు ముక్కు దారికి వచ్చింది. చక్రాలకు నేల తగిలింది. కారు గట్టెక్కింది.

"చూశావా నాన్నా," అంది పైకే.

ఇల్లు చేరి, దిగి చూసుకుంటే ముందు నంబరు ప్లేటు లేదు. నీళ్లు పీకేసినట్టున్నాయి. మొండి మళ్లీ ఎక్కి, కారు ముక్కుని గోడకు ఆనించి నిలిపింది.

మందు పీల్చాక నాయనమ్మకి ఊపిరి అందింది. పెద్దనాన్న బయటికి వచ్చి కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

మ్యాట్లు పిండాడు. రంగు మీద వేలితో రాసి చూశాడు. ఇంజను నూనె పుల్ల తీసి చూశాడు. నీళ్లు కలిస్తే నూనె పాలు పోసినట్టు తెల్లబడుతుంది. నల్లగానే ఉంది. వెనక మూత దించి, ఇంజను వేడి బయటికి పోయేందుకు దాని మీద వరసగా బిగించిన ఇనుప పట్టీల మీద చెయ్యి ఆనించి, చటుక్కున తీసేసుకున్నాడు.

"అబ్బ, పెనంలా కాలుతోంది."

"కష్టపడింది కదా మరి."

"ఎవరైనా తోశారా? నిజం చెప్పు."

"ఒక్క వేలు తగల్లేదు. నేనే తెచ్చాను."

పెద్దనాన్న ఆమె చేతిలోంచి తాళం తీసుకుని లోపలికి నడిచాడు. అతను కుర్చీలో కూర్చున్నాడో లేదో తలుపు చప్పుడైంది. మొండి పరుగున వెళ్లి తీసింది.

పూలకొట్టు ఆవిడ. మెడ దాకా బురద. నంబరు ప్లేటుని పిల్లని ఎత్తుకున్నట్టు మోచేతుల మధ్య ఇరికించుకుని, అంకెలు గుండెకు ఆనించి నిలబడింది.

ముఖాన నీళ్లు కొట్టినందుకు కడిగేయడానికి వచ్చిందనుకుంది మొండి. గొంతు తగ్గించి, "ఏం కావాలి?" అంది.

"ఇది నీళ్లలో దొరికిందమ్మా. పసుపుపచ్చ కారు ఎవరిదని అడుగుతూ వచ్చాను. నువ్వు క్షేమంగా చేరావో లేదోనని..."

వెనక పెద్దనాన్న లేచిన చప్పుడు. "ఎవరే అది?"

"ఎవరో. ఇల్లు పొరబడ్డారు," అంది మొండి గట్టిగా. ఆవిడ కళ్లలోకి సూటిగా చూస్తూ, "అది మాది కాదు," అంది.

ఆవిడ గోడకు ముక్కు ఆనించి ఉన్న కారుని చూసింది. మొండిని చూసింది.

"అలాగా తల్లీ. పొరబడి ఉంటాను."

వంగి, ప్లేటుని మెట్టు పక్కన బోర్లా పెట్టింది. వేళ్లు మడవకుండా, మణికట్లతో నెట్టి పెట్టింది.

పెద్దనాన్న వచ్చి తాళం మొండి చేతిలో పెట్టాడు. "ఒప్పుకుంటున్నానే. గెలిచావు. తలుపు వెయ్యి, జల్లు లోపలికి కొడుతోంది," అంటూ తనే తలుపు నెట్టాడు.

అది పూర్తిగా మూసుకునే ముందు, ఆ సందులోంచి, వాన కింద చాపి నిలబడ్డ ఆవిడ అరచేతులు మొండికి కనిపించాయి: రెండింటి మీదా అడ్డంగా, కారు వెనక మూత మీది పట్టీల్లాగే వరసగా, ఎర్రగా పొంగిన వాతలు.