కాటుకు కారం

"సెప్పు! సూది ఏయించుకొమ్మని సెప్పు!"

లింగన్న ఫోన్ స్పీకర్ ఆన్ చేసి క్రాంతి నోటి ముందు పెట్టాడు. భుజాన గొర్లకాపరి గొంగడి, రెండో చేతిలో కుక్కను కట్టిన తాడు ఉన్నాయి. హుజూర్‌నగర్ బస్టాండు వెనక, ఆ కిరాయి గదిలో వీడియో లైట్లు భగభగ వెలుగుతున్నాయి. తెల్లకోటు తొడుక్కొని కెమెరా ముందు కూర్చున్న క్రాంతి కుర్చీలోంచి లేవలేదు.

"లైన్లో ఎవరు?"

"నా పెండ్లాం, సత్తెమ్మ. మొన్న ఊరకుక్క కరిసింది. దవాఖానకు పోదాం దా అంటే ఇంటలేదు. కుక్కకాటుకు సూది అక్కర్లేదు, మిరపకారం, సున్నం పూస్తే చాలని వీడియోల సెప్పినవట. పొద్దుమాపు గదే పూసుకుంట కూసున్నది. గదంత అబద్ధమని నీ నోటితోనే సెప్పు."

క్రాంతి ఫోన్ వైపు వంగాడు. వీడియోల్లో వాడే తీయని గొంతు తెచ్చుకున్నాడు.

"సత్తెమ్మగారూ, ఏం భయపడకండమ్మా. ఈ సూదులన్నీ కంపెనీల వ్యాపారం. నేను చెప్పిన వైద్యం ఆపకండి. మీకేమీ కాదు."

"సల్లగుండు బిడ్డా!" అంది ఫోన్లో సత్తెమ్మ. "ఇన్నవా అయ్యా? డాక్టరు సారే సెప్పిండు. ఇగ నన్ను సతాయించకు."

లింగన్న కళ్లు ఎర్రబడ్డాయి. "రేపు అది సస్తే?"

"లక్షల మంది చూసిన వీడియో పెద్దయ్యా అది. చచ్చినవాళ్లెవరైనా వచ్చి కామెంట్ పెట్టారా?" క్రాంతి నవ్వాడు. "ముందు ఆ కుక్కను బయటికి తీసుకుపో. కంపు కొడుతోంది."

"గీ కుక్కనే దాన్ని కరిసింది."

నవ్వు ఆగింది. మరుక్షణం మళ్లీ వచ్చింది.

"నన్ను బెదిరిస్తావా? గొర్లు కాసుకునేవాడివి, నాకే కథలు చెప్తావా? నడువ్ బయటికి!" అంటూ లేచి, బూటుకాలితో కుక్కను తన్నాడు.

కుక్క మొరగలేదు. ఒక్క ఉదుటున అతని పిక్క పట్టుకుంది.

క్రాంతి కేకకు కిటికీ అద్దాలు అదిరాయి. లింగన్న ఫోన్ కట్ చేయకుండానే జేబులో వేసుకొని, కుక్క దవడలు విడదీసి, దాన్ని ఈడ్చుకెళ్లి తలుపు గొళ్లేనికి కట్టేశాడు. ఆ పెనుగులాటలో అతని బొటనవేలికీ పన్ను దిగింది. నెత్తురు పంచెకు తుడుచుకొని, నడుముకు కట్టుకున్న మూట విప్పాడు. లోపల ఎర్రగా మిరపకారం.

"కాలు సాపు డాక్టర్ సాబ్. మందు నేనే తెచ్చిన."

"వద్దు! కారం గీరం వద్దు!" క్రాంతి కుంటుకుంటూ మూలనున్న నల్లా దగ్గరికి పరుగెత్తాడు. సబ్బు అందుకొని గాయాన్ని రుద్ది రుద్ది కడగసాగాడు. "కాకా, ఆటో పిలువు! దవాఖానకు పోవాలె!"

"ఎందుకు? సున్నం గూడ ఉన్నది."

"సూది పడకుంటే సస్త!"

"సూదులు కంపెనీల వ్యాపారమంటివి?"

"అబద్ధం! వ్యూస్ కోసం సెప్పిన! నేను డాక్టర్ను గాదు, కంపౌండర్ను గూడ గాదు! పిచ్చికుక్క కరిస్తే సూది ఒక్కటే దిక్కు. పిచ్చి లేసినంక దేవుడు గూడ బతికియ్యలేడు. జర ఆటో పిలువే, నీ కాళ్లు మొక్కుత!"

లింగన్న జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఇన్నవా సత్తెమ్మా, నీ డాక్టరు సారు మాట?"

అవతల సన్నగా ఏడుపు. "ఇన్న. కోడల్ని తోలుకొని ఇప్పుడే దవాఖానకు పోత."

లింగన్న గోడకు ఆనుకొని కూలబడ్డాడు. నవ్వు తన్నుకొచ్చింది.

"సబ్బు అరగదియ్యకు పిలగా. నీకేం గాదు. నాకేం గాదు. ఆమెను కరిసిన కుక్క ఏ ఊరు బట్టుకపోయిందో ఎవలకెరుక? నిన్ను బెదిరియ్యాలని తెచ్చిన. ఇది మా మందకుక్క."

క్రాంతి సబ్బును గోడకేసి కొట్టాడు. "ముసలోడా! నా పొట్ట కొట్టనీకె నాటకమాడ్తవా? పోలీసుస్టేషన్ల కూసోబెడ్త నిన్ను!"

"కూసోబెట్టు. గీడికెళ్లి కదిలితే ఒట్టు."

"ఓ అయ్యా!" ఫోన్లో సత్తెమ్మ గొంతు చీరుకుపోయేలా అరిచింది. "మనిషిని కరిసిన మందకుక్కను నువ్వు బతకనియ్యవని ఊరకుక్క అని అబద్ధం సెప్పిన... నన్ను కరిసింది గదేనయ్యా, నిన్న మన పొట్టేలును గూడ కరిసింది!"