తడవని చోటు

రాయగడలో బస్సులు ఆగే చోట, ఒక చింతచెట్టు కింద రామలక్ష్మి పద్దెనిమిదేళ్లు ఇడ్లీలు అమ్మింది. రోడ్డు వెడల్పు చేయడానికి నిన్న ఆ చెట్టును నరికేశారు. నరకాల్సిన చెట్లన్నిటికీ కంట్రాక్టరు మాట మీద ఎర్రరంగు పూసింది ఆమె మొగుడు సోములే. అప్పటినుంచి ఆమె అతనితో మాట్లాడలేదు.

ఈ సాయంత్రం చీకటిపడగానే పెద్ద వాన అందుకుంది. రామలక్ష్మి ఇంట్లో లేదు. సోములు గొడుగు వేసుకుని వెతుక్కుంటూ వెళ్లాడు. నరికిన చెట్టు మొదలు పక్కనే, రోజూ పొయ్యి పెట్టే చోట, ఆమె కూర్చుని ఉంది.

"ఓలే, తడిసిపోతావు. ఇంటికి పోదాం, రా."

"సూడు. తడిసేనా?"

వీధిలైటు వెలుగులో ఆమె చీర పొడిగా కనిపించింది. మొన్నటిదాకా చెట్టు నీడ పరుచుకున్నంత మేరా నేల పొడిగానే ఉంది. అది దాటితే కుండపోత. సోములు లోపలికి అడుగుపెట్టాడు. గొడుగు మీద వాన చప్పుడు ఆగిపోయింది. పైన, చాలా ఎత్తున, ఆకుల మీద చినుకులు పడుతున్న సడి వినిపించింది.

"రంగేసినోడివి నువ్వే కదా," అంది రామలక్ష్మి ఏడుస్తూ. "అయినా నిన్ను కూడా తడవనీటం లేదు."

"రేపు ఇక్కడ తారు పోసేత్తారే." సోములు గొడుగు మూశాడు.

"మరైతే ఈ రేతిరికి నాను ఇక్కడే ఉంటాను."

సోములు ఆమె పక్కనే చతికిలబడ్డాడు. తల పైకెత్తి చూసే ధైర్యం మాత్రం అతనికి చాలలేదు.