మెడలో వేసే మందు

"ముందు ఆ గొలుసు తియ్యప్పా, దవడ చూడాల" అన్నాడు డాక్టరు.

రైల్వే గార్డు ఎర్రన్న మెడలోని రెండు పేటల గొలుసును గట్టిగా పట్టుకున్నాడు. "మాయమ్మ తిడతాది సార్."

"గవదబిళ్లలకు బంగారమే మందు" అంది పక్కనున్న తల్లి బయమ్మ. "నెలనాళ్లుగా ఏసినాం. వాపు వస్తాది, పోతాది."

ఆ గొలుసు ఎర్రన్న భార్య నారాయణమ్మకు పుట్టింటివాళ్లు పెట్టింది. మొగుడు దాన్ని వేసుకుని పచ్చజెండా ఊపుతుంటే గుంతకల్లు స్టేషనంతా నవ్వుతోంది. అత్త వెనకే నిలబడ్డ ఆమె ఇక ఉండబట్టలేకపోయింది.

"అన్నానికి కూచుంటేనే వాస్తాది సార్. లేస్తే తగ్గుతాది."

డాక్టరు తలెత్తి ఆమెను చూశాడు. చింతపండు తెప్పించి ఎర్రన్నను చప్పరించమన్నాడు. చూస్తుండగానే దవడ కింద నిమ్మకాయంత ఉబ్బింది. అక్కడ వేలితో మెల్లగా నెట్టేసరికి, నాలుక కిందనుంచి కొర్రగింజంత రాయి బయటపడింది.

"గవదలు కాదు. ఉమ్మి ఊరే దారికి ఇది అడ్డం పడింది, అంతే."

ఎర్రన్న గొలుసు తీశాడు. నారాయణమ్మ చెయ్యి చాపేలోపే బయమ్మ దాన్ని అందుకుని తన మెడలో వేసుకుంది.

"పొద్దున్నుంచి నా దవడ గూడ లాగుతాండాదే!"

నారాయణమ్మ మిగిలిన చింతపండు అత్త చేతిలో పెట్టింది.

"చప్పరించు అత్తా. రాయి పడేదాకా ఈడనే కూచుందాం."