రుమాలు చుట్టిన నవ్వు

తెల్లారినా మబ్బు విడవలేదు, సన్నగా కురుస్తూనే ఉంది. తడిసిన వడ్ల సంగతి చెప్పుకోవడానికి కొనుగోలు కేంద్రం సారు దగ్గరికి వెళ్లిన తోమాసు, పేపరొకటి పట్టుకొని తిరిగొచ్చాడు.

“కొంటరటనా బాపు?” అడిగాడు కొడుకు జోయల్. అతను కరీంనగర్‌లో ఆ పేపరుకే పేజీలు తయారుచేసే డిజైనర్.

“‘గింత సంబురంగున్నవు, నీకు నష్టమేందే?’ అని నవ్విండు సారు.”

తోమాసు చూపించింది ఓ నాయకుడి పుట్టినరోజు ప్రకటన. ప్రతి గింజా కొనిపించినందుకు రైతుల కృతజ్ఞతలట. కింద తలకు రుమాలు చుట్టి, పళ్లన్నీ బయటపెట్టి తోమాసే!

“నవ్వే రైతు ఫొటో కావాల్నని యాడ్స్ మేనేజర్ పానం తీసిండు. వార్తలకొచ్చిన ఫొటోలల్ల ఒక్క రైతన్న నవ్వలే. నా ఫోన్ల నీదొక్కటే ఉండె.”

“నేనెన్నడు రుమాలు చుట్టినరా?”

“అది క్రిస్మస్ ఫొటో బాపు. ఎర్ర టోపీ తీసేసి రుమాలు పెట్టిన.”

“మరి ఎనక గా వడ్ల కుప్ప?”

“అది గూడ నేనే పెట్టిన.”

“మంచిగ ఎండినయ్‌రా,” అన్నాడు తోమాసు. “గింత పనోనివి, గవ్విటినే కాంటకెక్కియ్యకపోతివి.”

జోయల్ తల్లి గ్రేస్ ఆ పేపరే కింద పరిచి, పప్పు గిన్నె తెచ్చి సరిగ్గా భర్త నవ్వు మీద పెట్టింది.