ఆగకూడని మిల్లు

ఇనుము, నికెల్, కోబాల్ట్, క్రోమియం, రాగి పొడులు తూచాలి. ఉక్కు గుండ్లతో కలిపి గిన్నెలో పొయ్యాలి. మూత బిగించాలి. గుండ్ల దెబ్బలతో పొడిని నూరే బాల్ మిల్లుకెక్కించి తిప్పాలి. నందీశ్‌ను దాని దగ్గరికి రానివ్వకూడదు.

చివరి పనే మంజుశ్రీ వల్ల కాలేదు.

అది 2009. చిక్కబళ్ళాపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ల్యాబులో మిల్లు ఒకటి, పరిశోధకులు ఇద్దరు: ఆమె, నందీశ్. ఐదు లోహాల్లో ఏదీ పెద్దరికం చెయ్యకుండా సమానంగా కలిసే కొత్తరకం మిశ్రమం ఆమె పరిశోధన. హై ఎంట్రోపీ మిశ్రమం అంటారు. అది కుదిరితే థీసిస్, ఆపైన లెక్చరర్ ఉద్యోగం. కుదరకపోతే మళ్ళీ సొంతూరు చాకవేలు, మళ్ళీ వేరుశనగ చేను. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది తనొక్కతే.

ఆమె టీకి వెళ్ళి వచ్చేసరికి ఆమె గిన్నె బల్ల మీద ఉండేది. మిల్లు మీద నందీశ్ గిన్నె తిరుగుతుండేది.

“ఎవురు తీయమన్న్యారు నిన్ను?”

“మిల్లేమన్నా మీ నాయన చాకవేలు నుంచి ఎత్తకొచ్చినాడా? పొద్దన్నించీ నీదే తిరగతా ఉండాది.”

“నడమ ఆపితే చెడిపోతాది. గెలికే చెయ్యి ఆపితే సంగటి ఉండలు కట్టదా?”

“అట్లయితే పొయ్యి సంగటే గెలుక్కో. ఇది ల్యాబు తల్లీ!”

నందీశ్ చింతామణి ఊళ్ళో మండీ వ్యాపారి కొడుకు. మాటకు మాట అప్పు ఉంచుకోడు. ఆమె తిట్టుకుంటూ కాచుకుని, సందు దొరకగానే తన గిన్నె మళ్ళీ ఎక్కించేది. అతను మళ్ళీ దించేవాడు.

ఇంత పోరులోనూ పొడి కుదిరింది. రేణువులు నానో స్థాయికి దిగాయి. బిళ్ళగా నొక్కి, కొలిమిలో కరగనివ్వకుండా కాల్చి సింటర్ చేస్తే గట్టిదనం చూసి గైడ్ బాలచంద్ర సార్ నోరు తెరిచాడు.

మంజుశ్రీ అదే అదను అనుకుంది. “ఆయప్ప ఉంటే నేనుండను సార్.”

సార్ నందీశ్‌ను వేరే ల్యాబుకు పంపేశాడు. పోతూ పోతూ అతను గుమ్మంలో ఆగాడు. “తిప్పుకో. తనివితీరా తిప్పుకో.”

“పీడ పోయింది,” అంది ఆమె, వినబడేలా.

“ఆ పొడి ఇంకోసారి చేసి చూపించమ్మా,” అన్నాడు సార్. “అప్పుడే థీసిస్ మీద సైన్ చేసేది.”

మిల్లు ఇప్పుడు ఆమె ఒక్కదానిదే. పొద్దున వేసి, సాయంత్రం దాకా ఆపకుండా తిప్పింది. మూత తీస్తే పొడి లేదు. అంతా గుండ్లకు, గిన్నె గోడకు పట్టేసి ఉంది. ఉలితో గీకాల్సి వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

సార్ వచ్చి గిన్నె ముట్టుకుని చెయ్యి విదిలించాడు. “ఇంత కాలతా ఉండాదే! ఇట్లా ఒకే పట్టున తిప్పితే అంటుకోక యాడికి పోతాది? పోయిన తడవ యట్ల చేసినావు?”

ఆమె ఉలి తీసుకుని మళ్ళీ గిన్నె గీకసాగింది.

మంజుశ్రీ థీసిస్ ఎప్పుడైనా మీ చేతికొస్తే, అందులో ఎక్కడా పేరు లేని నందీశ్‌ను ఒక్కసారి తలుచుకోండి, పగబట్టి మిల్లు ఆపిన ప్రతిసారీ ఆ పొడిని చల్లార్చి కాపాడింది అతనే.