ఇస్కో నాలుగో భాగం

"ఇస్కో బతుకుతాడా, చచ్చిపోతాడా? అది చెప్తేనే ఆస్పత్రికొస్తా. లేకపోతే రాను," అంది బల్ల కింద కూర్చున్న అమిహాన్.

లిగాయా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఎనిమిదేళ్ళ కూతురు ఒకసారి మొండికేసిందంటే ఇక అంతే. నాలుగింటికల్లా ఆస్పత్రిలో చేర్పించాలి. రేపు పొద్దున్నే గుండెకి ఆపరేషన్. అప్పటికే ఒకటిన్నర దాటింది.

"నాకేం తెలుసు తల్లీ? మాకు కథ చెప్పరుగా."

"బొమ్మలేసేది నువ్వేగా. నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

పిల్ల అడిగిందాంట్లో తప్పేం లేదు. ఇస్కో అంటే రెక్కలున్న గేదె దూడ. మూడు సినిమాల్లో మూడుసార్లు చావు తప్పించుకుని ఇంటికొచ్చాడు. ఇప్పుడు నాలుగోది తయారవుతోంది. కథ రాసేదీ, అసలు బొమ్మలేసేదీ మంచు కురిసే ఏదో దేశంలో. ఇస్కో నిలబడ్డ బొమ్మ ఒకటి, పడిపోయిన బొమ్మ ఒకటి అక్కణ్ణుంచి వస్తాయి. ఆ రెంటికీ మధ్య కదలికలన్నీ గీసేది మనీలాలో ఈ హాల్లో కూర్చున్న నలభైమంది ఆడవాళ్ళు. కథ బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుందని అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారు. బొమ్మలు కంటబడకూడదని, వెంట వచ్చిన పిల్లల్ని బల్లల కిందే కూర్చోబెట్టాలి. లిగాయాకి ఉద్యోగం ఊడితే ఆపరేషనూ ఊడుతుంది. దాని ఖర్చు కంపెనీదే మరి.

ఆమె గీస్తున్నది ఇస్కో చచ్చిపోయే సీను. వాణ్ణి పడేయడం ఆమె చేతిలోనే ఉంది, పడకుండా ఆపడం మాత్రం లేదు. ఇంతకంటే దిక్కుమాలిన పని ఇంకోటుంటుందా?

పూర్తయిన కట్ట తీసుకుని సూపర్‌వైజర్ గాట్‌దూలా దగ్గరికెళ్ళింది. మొత్తం ఇరవైమూడు కాగితాలు. మొదటి బొమ్మ అన్నిటికంటే అడుగున, చివరిది పైన. ఆయన కట్ట అడుగున వేలు పెట్టి, కిందినుంచి పైకి ఒక్కొక్కటే చకచకా వదిలాడు. నిలబడ్డ ఇస్కో తూలాడు, మోకాళ్ళు మడిచాడు, నేలకి వాలి కళ్ళు మూశాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చూసేది అలాగే. పైనుంచి తిప్పి తిట్లు తినేది కొత్తగా చేరినవాళ్ళే.

"ఏంటిది లిగాయా? ఈటె దిగినవాడు పడ్డట్టుందా, అన్నం తిని కునుకు తీస్తున్నట్టుందా? మొత్తం మళ్ళీ గియ్యి. ధబీమని పడాలి."

"సార్, తరవాతి సీన్లో లేస్తాడా?"

"లేవడమేంటి? తరవాతంతా పూలూ కొవ్వొత్తులే. అవతలి హాల్లో గీసేశారు కూడా."

"ఒక్కసారి ఆ కథ రాసేవాళ్ళకి ఉత్తరం రాసి చూడరాదా సార్? చిన్నపిల్లలు చూసే సినిమా కదా."

"మధ్య బొమ్మలేసేవాళ్ళ మాట ఎవరు వింటారు? తెల్లకొమ్ముల కొత్త దూడ బొమ్మలు అప్పుడే షాపులకి వెళ్ళిపోతున్నాయిట. ఐదో భాగంలో వాడే హీరో." గాట్‌దూలా గొంతు తగ్గించాడు. "మావాడు ఇస్కో దుప్పటి లేందే నిద్రపోడు. వాడికేం చెప్పాలో నాకూ తెలీదు."

లిగాయా తిరిగొచ్చి ఆ కట్టని బల్ల పక్కన చెత్తబుట్టలో పడేసింది. పక్కసీటు బెబాంగ్ అంతా వింటూనే ఉంది.

"ఇస్కో బదులు ఈ సార్‌ని చంపమని రాయక్కా. స్టాంపులకి అందరం చందాలేసుకుంటాం."

లిగాయాకి నవ్వు రాలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఇస్కో ధబీమనే పడుతున్నాడు.

మూడు కొట్టాక బెబాంగ్ పెదాలు ముందుకు సాచి, వాటితోనే గడియారం వైపు చూపించింది. "మిగిలినవి నేను లాగిస్తాలే. నువ్వు పిల్లని తీసుకెళ్ళు."

పిల్ల వస్తేగా. లిగాయా శిలువ గుర్తు వేసుకుని బల్ల కిందకి వంగి కూర్చుంది. నిజం చెప్తే పిల్ల బెదిరిపోయి ఆస్పత్రికి రాదు. అబద్ధం చెప్తే, తరవాతెప్పుడో సినిమా చూసి జన్మలో తన మాట నమ్మదు. కానీ అది కోలుకుని, హాలుకెళ్ళి, ఆ సినిమా చూసి తనని తిట్టిపోస్తే అంతకంటే తనకేం కావాలి? ఆ మాట అనుకోగానే ఏడుపొచ్చింది. అబద్ధమే చెప్పేద్దామనుకుంది.

"ఇస్కో..." అంది.

"చెప్పకమ్మా. నీ ఉద్యోగం పోతుంది," అంది అమిహాన్ గుసగుసగా. "నేనే చూసేశా."

పిల్ల ఒళ్ళో చెత్తబుట్టలోని కట్ట ఉంది.

"ఎంతదాకా చూశావే?"

"మొత్తం."

పిల్ల కళ్ళలో నీళ్ళు లేవు. బూట్లు కూడా తొడుక్కుని సిద్ధంగా కూర్చుంది. కట్టని ఒళ్ళో సర్దుకుని, బడి పుస్తకం తెరిచినట్టు పైకాగితం దగ్గర్నుంచి ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది.

"కళ్ళు మూసుకుని పడుకున్నాడా... ఇదిగో తెరిచాడు. ఇదిగో మోకాళ్ళ మీద లేచాడు. ఇదిగో, నిలబడ్డాడు. రేపు నేనూ ఇంతేగా అమ్మా?"